కారు ముందు చక్రాల డిస్క్ బ్రేకుల పని మొదలుపెట్టే ముందు

మహబూబ్‌నగర్ ఎండలో జడ్చర్ల దాకా పోయొచ్చిన బండిని వెంటనే విప్పకండి, డిస్కు చల్లారాలి. జాకీ సిమెంటు నేల మీదే పెట్టండి. మన ఎర్రమట్టి వాకిట్లో అది పక్కకు ఒరిగిపోతుంది. వెనక చక్రాలకు రాళ్లు, కింద స్టాండు తప్పనిసరి. చక్రం నట్లు బండి లేపకముందే కొంచెం వదులు చేసుకోండి.

ప్యాడ్లు రెండు వైపులా కలిపే మార్చాలి.

ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ల దగ్గర మాత్రం నిదానించండి. ఎడమది కుడికి బిగిస్తే బ్రేక్ ఆయిల్‌లోని గాలి తీసే నిపుల్ కిందికి వస్తుంది. గాలేమో పైన చేరుతుంది, ఎంత తోడినా పోదు, పెడల్ మెత్తగా దిగిపోతుంది. ఒకసారి నాకు సాయంత్రమంతా ఇలాగే పోయింది. నిపుల్ పైకి ఉందో లేదో బిగించకముందే చూడండి. ఆయిల్ గొట్టం బోల్టుకు రెండు కొత్త రాగి వాషర్లు తెచ్చుకోండి, పాతవి కారతాయి.

విప్పిన క్యాలిపర్‌ను గొట్టానికి వేలాడదీయొద్దు, తీగతో కట్టండి. నల్ల దుమ్మును ఊదొద్దు, తడిబట్టతో తుడవండి. బండిలోని బ్రేక్ ఆయిల్ మూత మీద డాట్ 4 (ఆయిల్ రకం) అని ఉంటే అదే కొనండి, సీలు తీయని డబ్బా. అది రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

బండి కదిపే ముందు, పెడల్ గట్టిపడేదాకా తొక్కండి.