పట్టరాని హాయికి జపనీస్ మాట

జపనీస్ నేర్చుకుంటున్నవారు ఒళ్లు తేలిపోయేంత హాయిని చెప్పడానికి ముందుగా ‘కిమొచి ఈ’ అనే మాటను పట్టుకోవడం మంచిది. వేడినీటి తొట్టెలో మెడ దాకా మునిగినప్పుడు, ఉక్కపోతలో చల్లగాలి తగిలినప్పుడు, పట్టేసిన భుజాలను ఎవరైనా పిసికినప్పుడు జపాన్‌వారి నోట అప్రయత్నంగా వెలువడేది ఇదే. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ స్వర్ణం గెలిచిన ఈతగాడు కిటజిమ కోసుకె దీనికి ‘చో’ (మహా) చేర్చి ‘చో కిమొచి ఈ’ అనడంతో, ఆ మాట దేశమంతా మార్మోగి, ఆ ఏటి మేటి వాడుకమాటగా బహుమతి కూడా పొందింది. అయితే ‘చో’ కుర్రకారు మాట కాబట్టి పెద్దల ముందు ‘తొతెమొ కిమొచి ఈ దెసు’ (చాలా హాయిగా ఉందండి) అనడమే మర్యాద. గడిచిన హాయిని చెప్పేటప్పుడు ‘కిమొచి యొకత్త’ అనాలి. ‘కిమొచి ఈ’లోని ‘ఈ’కి నేరుగా భూతకాల ప్రత్యయం తగిలించకూడదు. రుచికి ఇది పనికిరాదు, అక్కడ ‘ఒఇషీ’ (రుచిగా ఉంది) అనే మాట ఉంది. సందర్భాన్ని బట్టి దీనికి శృంగారధ్వని కూడా వస్తుంది కనుక, ‘ఒఫురొ గ కిమొచి ఈ దెసు’ (స్నానం హాయిగా ఉంది) అన్నట్లు హాయి దేనివల్లనో ముందే చెప్పేస్తే అపార్థానికి తావుండదు.