బ్రాడ్‌వే షోకి టికెట్ కొనే ముందు

బ్రాడ్‌వే షో అంటే న్యూయార్క్‌లోని పెద్ద థియేటర్లలో స్టేజీ మీద ఆడే నాటకం, చాలావరకు పాటలతో సాగేది. అక్కడ ఉండేది రెండు మూడు రోజులే అయితే, డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి.

• వారంలో ఏ రోజో చూడండి. చాలా థియేటర్లకు సోమవారం సెలవు.

• అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే భాష గురించి ముందే ఆలోచించాలి. పాటల్లో ఇంగ్లిష్ వేగంగా సాగిపోతుంది, మాట అందదు. కథ తెలిసినదైతే ఆ టెన్షన్ ఉండదు. అందుకే 1997లో మొదలై ఇప్పటికీ ఆడుతున్న 'ది లయన్ కింగ్' పేరే నేను ముందు చెప్తాను. తోలుబొమ్మలాట చూసి పెరిగిన పెద్దవాళ్లకు అందులోని బొమ్మలు, నీడలు ఎంతో నచ్చుతాయి. వెళ్లే ముందు రోజు రాత్రి కథ ఒకసారి తెలుగులో చెప్పండి, చాలు.

• నాలుగేళ్లలోపు పిల్లలను చాలాచోట్ల రానివ్వరు.

• టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్ల కింద ఉన్న టీకేటీఎస్ కౌంటర్‌లో అదే రోజు ఆటకు టికెట్లు సగం ధర వరకు తగ్గుతాయి. కానీ మీరు కోరుకున్న షో ఉండకపోవచ్చు, నలుగురికీ పక్కపక్కనే సీట్లు రాకపోవచ్చు. ఒకే షో మీద మనసుంటే ముందే కొనేయండి.

• మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు బాల్కనీ వద్దు. చాలావరకు పాత భవనాలు, పైకి మెట్లే దిక్కు. 'పార్షియల్ వ్యూ' అని రాసి ఉంటే స్టేజీ కొంత కనబడదని అర్థం.

• అరగంట ముందే చేరుకోండి. ఆలస్యమైతే సరైన విరామం వచ్చేదాకా బయటే నిలబెడతారు.