లెంబే నల్ల ఇసుకలో మక్ డైవింగ్: మొదటిసారి దిగేవారికి

ఇండోనేషియాలోని ఉత్తర సులవేసి తీరానికీ, లెంబే దీవికీ మధ్యనున్న ఇరుకైన జలసంధి అడుగున అగ్నిపర్వతాల నుంచి వచ్చిన నల్లని ఇసుక పరచుకుని ఉంటుంది. పగడాలను చూద్దామని వచ్చినవారికి అక్కడ సీసాలు, డబ్బాలు, కొబ్బరి చిప్పలు తప్ప మొదట ఏమీ కనిపించవు. అయినా, పరిసరాల్లో కలిసిపోయి దాక్కునే చిన్న జీవులను వెతికే మక్ డైవింగ్‌కు ఈ చోటు ప్రపంచ ప్రసిద్ధం. మనాడో విమానాశ్రయం నుంచి రోడ్డు మార్గాన బిటుంగ్ రేవుకు చేరి, అక్కడి నుంచి పడవలో వెళ్లవచ్చు.

ఇక్కడికి రావడానికి ముందే అలవరచుకోవలసిన నైపుణ్యం ఒకటుంది: నీటిలో పైకి లేవకుండా, కిందికి జారకుండా, నేలకు సమాంతరంగా ఒకే ఎత్తులో నిలవగలగడం. ఇసుకలోని మెత్తటి నుసి, కాళ్లకు తొడుక్కునే ఈత రెక్క (ఫిన్) ఒక్కటి తగిలినా మబ్బులా లేస్తుంది. మీరు చూడడానికి వచ్చిన జీవి కనిపించకుండా పోవడమే కాక, వెనుక వచ్చేవారికి కూడా ఆ చోటు పాడవుతుంది. నీటిలో మునగడానికి నడుముకు అవసరానికి మించి బరువులు కట్టుకున్నవారి కాళ్లు కిందికి వేలాడతాయి కాబట్టి తొలి డైవ్‌లోనే బరువు సరిచూసుకోవాలి. కాళ్లను పైకీ కిందికీ ఆడించడం మాని, మోకాళ్లు మడిచి, కప్ప ఈదినట్లు పక్కలకు తన్నాలి. నీరు సాధారణంగా 25 నుంచి 29 డిగ్రీల వరకు ఉన్నా, గంటసేపు దాదాపు కదలకుండా ఉండేవారికి చలి వేస్తుంది. అందుచేత 5 మిల్లీమీటర్ల మందం వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు దుస్తులు) మేలు.

వెతకడంలో తొందర పనికిరాదు. బియ్యంలో రాళ్లు ఏరేవారు చేటలో ఒక్కో మూలనూ చూసినట్లు, ముందున్న చిన్న జాగాను పూర్తిగా చూశాకే పక్క జాగాకు జరగాలి. జంతువు ఆకారం కోసం వెతికితే అది దొరకదు. కన్ను, నోటి గీత, మొప్పల కదలిక వంటి ఒక్కొక్క ఆనవాలు కోసం చూడాలి. స్పంజి ముద్దలా ఉన్నదానికి చేతుల్లాంటి రెక్కలు కనిపిస్తే అది ఫ్రాగ్‌ఫిష్ కావచ్చు. వాటిలో ఒళ్లంతా వెంట్రుకల వంటి పోగులున్న రకం, తలపై పురుగులాంటి ఎరను ఆడిస్తూ చేపలను రప్పించుకుంటుంది. ఆ ఎర కదలికే చాలాసార్లు దాన్ని పట్టిస్తుంది. ఈకల్లాంటి చేతులున్న క్రైనాయిడ్‌లనే సముద్రజీవుల పక్కన తలకిందులుగా వేలాడే ఘోస్ట్ పైప్‌ఫిష్‌ను, సముద్ర దోసకాయలపై ఎక్కి తిరిగే ఎంపరర్ రొయ్యలను వెతకాలంటే ముందుగా ఆ ఆశ్రయాలను గుర్తించడం నేర్చుకోవాలి.

చెత్తను కూడా అశ్రద్ధ చేయరాదు. కొబ్బరి చిప్పలను మోసుకుపోయి వాటిలో దాగే ఆక్టోపస్ గురించి 2009లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. అటువంటి చిప్ప దగ్గర కాసేపు ఆగడం వృథా కాదు. ఇతర జీవులను అనుకరించే మిమిక్ ఆక్టోపస్‌ను 1998లో సులవేసి తీరంలోనే కనుగొన్నారు, 2005లో దానికి శాస్త్రీయ నామం ఇచ్చారు. అది ఇసుక బొరియలో నుంచి తల బయటపెట్టినప్పుడు దూరంగా ఆగి, దానంతట అది వచ్చేదాకా వేచి ఉండాలి. వెంటపడితే అది మళ్లీ ఇసుకలో దూరుతుంది.

చాలామంది ఒక సన్నని లోహపు కడ్డీని వెంట తెచ్చుకుంటారు. దాని కొనను ఖాళీ ఇసుకలో ఆనించి నిలదొక్కుకోవడానికీ, గైడ్ ఏదైనా చూపించడానికీ మాత్రమే దాన్ని వాడాలి. జీవిని పొడిచి, తిప్పి, ఫొటో కోసం మంచి భంగిమలో కూర్చోబెట్టడం నా దృష్టిలో క్షమించరానిది. గైడ్ ఆ పని చేయబోయినా వద్దని సైగ చేయాలి. కెమెరా ఫ్లాష్ కంటే ఇలా చేతులు వేయడమే వాటికి ఎక్కువ హాని అని పరిశోధనలు కూడా తేల్చాయి. తొలి రోజుల్లో కెమెరాను పడవలోనే ఉంచమని నా సలహా, ఎందుకంటే తెర మీద నిలిచిన కంటికి తేలుతున్న కాళ్ల స్పృహ ఉండదు.

తాకకపోవడం మన క్షేమం కోసం కూడా. రాయిలా కనిపించే స్టోన్‌ఫిష్ వెన్నుముళ్లు విషపూరితమైనవి. గుచ్చుకుంటే, గాయాన్ని చర్మం కాలనంత వేడిగా, సుమారు 45 డిగ్రీల నీటిలో ఉంచుతూ వైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. నీలి వలయాల ఆక్టోపస్ కాటుకు విరుగుడు మందు లేదు. విషం శ్వాసకండరాలను స్తంభింపజేస్తుంది కనుక, వైద్య సహాయం అందేవరకు కృత్రిమ శ్వాస ఆపకూడదు. జలసంధిలో పడవల రాకపోకలు ఎక్కువ కాబట్టి పైకి తేలే ముందు గాలి నింపిన గుర్తు బుడగను పైకి వదలాలి. తక్కువ లోతులో గంటకు పైగా గడపడం ఇక్కడ మామూలే గనుక, ప్రతి డైవ్‌కూ, లోతునూ సమయాన్నీ లెక్కించే డైవ్ కంప్యూటర్‌ను గమనిస్తూ ఉండాలి. వరుసగా పలు డైవ్‌లు చేసినవారు, ఒంట్లో చేరిన నత్రజని బయటికి పోయేలా, చివరిదాని తర్వాత కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కేలా మనాడో నుంచి తిరుగు టికెట్ తీసుకోవాలి.