పళ్లన్నీ పోయాక ఏ ఇంప్లాంట్ పద్ధతి? మా బాపు (నాన్న) కోసం మేం చూసుకున్న తీరు

సంక్రాంతికి బాపు సకినాలు చాయ్‌లో నానబెట్టుకుని తినడం చూడలేక ఇంప్లాంట్ల కోసం, అంటే దవడ ఎముకలో బిగించి పైన పళ్లు పెట్టే స్క్రూల కోసం, హన్మకొండలో పళ్ల డాక్టర్ల చుట్టూ తిరిగాను.

ముందు రేటు అడగకండి, సీబీసీటీ స్కాన్ (దవడ 3డి ఎక్స్‌రే) తీయించండి. దవడ ఎముక ఎత్తు, మందం అందులో తెలుస్తాయి. ఒకచోట స్కాన్ లేకుండానే ప్యాకేజీ చెప్పారు, లేచి వచ్చేశాం.

ఆల్-ఆన్-4 అంటే ఒక దవడ పళ్లన్నీ నాలుగు ఇంప్లాంట్ల మీద నిలిపే పద్ధతి. అందులో ముందు రెండు ఇంప్లాంట్లు నిటారుగా, వెనక రెండు ఏటవాలుగా వేస్తారు. పై దవడలో సైనస్‌ను (ముక్కు పక్కన ఎముకలోని గాలి గదిని), కింది దవడలో నరాన్ని తప్పించడానికే ఆ వాలు. వెనక ఎముక అరిగినవాళ్లకు చాలాసార్లు బోన్ గ్రాఫ్ట్ (అదనంగా ఎముక పెట్టడం) లేకుండానే పని జరుగుతుంది. పై దవడ ఎముక మెత్తన, అందుకే చోటుంటే అక్కడ ఆరు వేయమనే నేను అడుగుతాను. డబ్బు సరిపోకపోతే కింది దవడకు రెండు ఇంప్లాంట్ల మీద బిగిసే, రాత్రి తీసి కడుక్కునే కట్టుడు పళ్లు కూడా మంచివే.

బాపుకు షుగర్. అది అదుపులోకి వచ్చేదాకా ఆగాం. బీడీ మాన్పించడమే పెద్ద టెన్షన్ అయింది, కానీ పొగ తాగితే ఇంప్లాంట్‌కు ఎముక సరిగా అతుక్కోదు.

ఇంప్లాంట్లు వేసిన రోజే పెట్టే పళ్లు తాత్కాలికమే. ఇంప్లాంట్‌ను ఎముక పట్టుకోవడానికి 3 నుంచి 6 నెలలు కావాలి. అన్నాళ్లూ మెత్తటి అన్నం, పప్పే. ఇంప్లాంట్ ఊడితే ఖర్చెవరిదో ముందే కాగితం మీద రాయించుకోండి.