విండోస్ 10 నుంచి 11కు: లైసెన్స్ చెడకుండా మారే పద్ధతి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ అందరికీ ఉచితంగా ఇచ్చిన భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఆ తేదీ దాటినా కంప్యూటర్ ఎప్పటిలాగే పనిచేస్తుంది, ఫైళ్లు తెరుచుకుంటాయి, ప్రింట్లు వస్తాయి. అందుకే చాలామంది ఈ పనిని వాయిదా వేస్తూ వచ్చారు. అయితే కొత్తగా బయటపడే లోపాలకు ఇక మామూలుగా మరమ్మతు రాదు కాబట్టి, బ్యాంకు లావాదేవీలు, జీఎస్టీ రిటర్నులు, ఫీజుల చెల్లింపులు అదే కంప్యూటర్ మీద చేసేవారు విండోస్ 11కు మారిపోవడం మంచిది. ఇక్కడ అందరికీ వచ్చే సందేహం ఒకటే: ఇప్పుడున్న లైసెన్స్ నిలుస్తుందా, మళ్లీ కొనాలా? సరైన లైసెన్స్ ఉన్న విండోస్ 10 కంప్యూటర్‌కు విండోస్ 11 నడిపే అర్హత ఉంటే మారడానికి ఒక్క రూపాయి కూడా కట్టనక్కరలేదు. లైసెన్స్‌కు చిక్కు వచ్చిందంటే చాలావరకు మారేముందు చూసుకోవలసినవి చూసుకోకపోవడం వల్లే వస్తుంది. అందుకే ఈ వ్యాసంలో అప్‌గ్రేడ్ గురించి కంటే దానికి ముందు చేయవలసిన పరిశీలన గురించే ఎక్కువగా చెబుతున్నాను.

లైసెన్స్ ఎక్కడ ఉంటుంది

పాతకాలంలో లైసెన్స్ అంటే పెట్టె మీదో, కంప్యూటర్ వెనుకనో అతికించిన ఇరవై ఐదు అక్షరాల కీ. విండోస్ 8 వచ్చినప్పటి నుంచి ల్యాప్‌టాప్ తయారీదారులు ఆ కీని మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్‌లోనే (బోర్డు చిప్‌లో శాశ్వతంగా ఉండే సాఫ్ట్‌వేర్) రాసి పంపుతున్నారు. విండోస్ 10తో డిజిటల్ లైసెన్స్ వచ్చింది. విండోస్ ఒకసారి సక్రమంగా యాక్టివేట్ అయ్యాక, అంటే లైసెన్స్ సరైనదేనని మైక్రోసాఫ్ట్ ధ్రువీకరించాక, ఆ కంప్యూటర్ భాగాల వివరాల నుంచి, ముఖ్యంగా మదర్‌బోర్డు నుంచి తయారైన ఒక గుర్తు మైక్రోసాఫ్ట్ సర్వర్లలో నమోదవుతుంది. ఆ తర్వాత అదే కంప్యూటర్‌లో అదే ఎడిషన్ (హోమ్, ప్రో వంటి రకం) ఎన్నిసార్లు వేసినా, ఇంటర్నెట్ తగలగానే కీ అడగకుండా యాక్టివేట్ అవుతుంది.

దీనివల్ల చాలామంది పడే పొరపాటు ఒకటి ఉంది. కీ చూపించే సాఫ్ట్‌వేర్‌తో ప్రస్తుత కీని చదివి, కాగితం మీద రాసుకుని, లైసెన్స్ భద్రంగా ఉందనుకుంటారు. డిజిటల్ లైసెన్స్ ఉన్న కంప్యూటర్లలో అలా కనబడేది తరచుగా ఆ ఎడిషన్ వాడే కంప్యూటర్లన్నిటిలోనూ ఒకేలా ఉండే సాధారణ కీ. దానితో ఇంకే కంప్యూటర్‌నూ యాక్టివేట్ చేయలేరు. రాసుకోవలసినది ఆ కీని కాదు. ఎడిషన్ పేరు, లైసెన్స్ రకం, ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాకు అది ముడిపడి ఉందన్న వివరం.

లైసెన్స్ రకాలు ప్రధానంగా మూడు. తయారీదారు వేసి ఇచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ మదర్‌బోర్డుతోనే పుడుతుంది, దానితోనే పోతుంది. విడిగా కొన్న రిటైల్ లైసెన్స్‌ను పాత కంప్యూటర్ నుంచి తీసేసి కొత్తదానికి మార్చుకోవచ్చు, కానీ ఒక సమయంలో ఒక్క కంప్యూటర్‌కే అది చెల్లుతుంది. కార్యాలయాలు, కళాశాలలు వాడే వాల్యూమ్ లైసెన్స్ ఆ సంస్థది. అందులో కేఎంఎస్ పద్ధతిలో యాక్టివేట్ అయిన కంప్యూటర్ సంస్థ సర్వర్‌తో 180 రోజుల్లోగా ఒకసారైనా మాట్లాడి గడువు పొడిగించుకోవాలి. సంస్థ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఈ పని సొంతంగా మొదలుపెట్టకుండా అక్కడి ఐటీ విభాగానికి వదిలేయండి.

మీ కంప్యూటర్‌లో ఏ రకం ఉంది

విండోస్ 10లో సెట్టింగ్స్ తెరిచి, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీలో యాక్టివేషన్ పేజీకి వెళ్లండి. అక్కడ ఎడిషన్ పేరు, దాని కింద యాక్టివేషన్ స్థితి ఉంటాయి. మన దేశంలో అమ్మే ఇంటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువవాటికి వచ్చేది హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఎడిషన్. ఇది మామూలు హోమ్ కాదు, వేరే ఎడిషన్‌గా లెక్క. హోమ్ నుంచి హోమ్‌కు, సింగిల్ లాంగ్వేజ్ నుంచి సింగిల్ లాంగ్వేజ్‌కు, ప్రో నుంచి ప్రోకు మారితేనే లైసెన్స్ వెంట వస్తుంది.

స్థితి దగ్గర డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయినట్టు ఉంటే మంచిదే. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాకు ముడిపడి ఉన్నట్టు కూడా ఉంటే ఇంకా మంచిది. ముడిపడి లేకపోతే అదే పేజీలో ఖాతా జోడించే అవకాశం ఉంటుంది. అప్‌గ్రేడ్‌కు ముందే ఆ పని చేయండి. రిటైల్ లైసెన్స్ అయితే, రేపు మదర్‌బోర్డు మార్చవలసి వస్తే ఈ లైసెన్స్ మీదేనని చూపించుకోవడానికి ఈ ముడే ఆధారం. షాపువారి ఈమెయిల్‌తోనో, స్నేహితుడి ఈమెయిల్‌తోనో లాగిన్ అయి ఉన్న కంప్యూటర్లు మన దగ్గర చాలానే కనిపిస్తాయి. ఖాతా మీ సొంతమేనా, పాస్‌వర్డ్ మీకు తెలుసా, ఫోన్ నంబరు ఇప్పటిదేనా అని ఒకసారి చూసుకోండి.

యాక్టివేషన్ పేజీ లైసెన్స్ రకాన్ని చెప్పదు. దాని కోసం విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కితే వచ్చే రన్ పెట్టెలో ఎస్, ఎల్, ఎం, జీ, ఆర్ అనే ఐదు ఇంగ్లిష్ అక్షరాలను కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత, దానికి ఆనుకుని డీ, ఎల్, ఐ అని కొట్టి ఎంటర్ నొక్కండి. కొద్ది క్షణాల్లో ఒక చిన్న పెట్టె వస్తుంది. అందులో ఓఈఎం డీఎం ఛానల్ అని ఉంటే కీ మదర్‌బోర్డులో ఉన్నట్టు. రిటైల్ ఛానల్ అని ఉంటే విడిగా కొన్నదో, పాత ఉచిత అప్‌గ్రేడ్‌తో వచ్చిన డిజిటల్ లైసెన్సో అయి ఉంటుంది. వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ అని ఉండి, ఆ కంప్యూటర్ ఏ సంస్థకూ చెందనిదైతే, అక్కడ ఆగి ఆలోచించాలి.

ఎందుకంటే మన ఊళ్లలో ల్యాప్‌టాప్ నెమ్మదించిందంటే మొదట చేసే పని ఫార్మాట్ కొట్టించడం. చేతికందిన పెన్‌డ్రైవ్‌తో ప్రో ఎడిషన్ వేసి, దాని మీద ఒక యాక్టివేటర్ (లైసెన్స్ లేకున్నా ఉన్నట్టు చూపించే దొంగ సాఫ్ట్‌వేర్, అంటే క్రాక్) నడిపి ఇచ్చేసే షాపులు ఉన్నాయి. తెర మీద ప్రో అని ఉంటుంది, యాక్టివేట్ అయిందనీ ఉంటుంది, యజమాని సంతోషంగా తీసుకెళ్తాడు. నిజానికి ఆ ల్యాప్‌టాప్ కొన్నరోజునే దాని ధరలో కలిపి హోమ్ సింగిల్ లాంగ్వేజ్ లైసెన్స్‌కు డబ్బు కట్టేశాడు. ఆ కీ మదర్‌బోర్డులో చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని పక్కనపెట్టి క్రాక్ వాడుతున్నాడన్న సంగతే అతనికి తెలియదు. పైగా యాక్టివేటర్ పనిచేయడానికి చాలాసార్లు యాంటీవైరస్‌ను ఆపేసి ఉంటారు. ఇది నన్ను బాగా బాధపెట్టే విషయం, ఎందుకంటే డబ్బు కట్టిన మనిషే ఇక్కడ రక్షణ కోల్పోతున్నాడు.

మీ పరిస్థితి ఇదే అనిపిస్తే, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరికే షోకీప్లస్ అనే ఉచిత యాప్‌ను నడిపి చూడండి. ఇప్పుడు వేసి ఉన్న కీ ఒక వరుసలో, మదర్‌బోర్డులో ఉన్న ఓఈఎం కీ మరో వరుసలో, ఆ కీ ఏ ఎడిషన్‌దో దాని దగ్గరే కనిపిస్తాయి. ఓఈఎం కీ ఉంటే మీకు అసలైన లైసెన్స్ ఉన్నట్టే. అయితే క్రాక్ చేసిన ప్రో మీద నుంచే అప్‌గ్రేడ్ చేస్తే ఆ రోగం విండోస్ 11లోకి కూడా వస్తుంది. ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకుని, మైక్రోసాఫ్ట్ సైట్‌లోని మీడియా క్రియేషన్ టూల్‌తో కనీసం 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్ తయారు చేసి, మొత్తం చెరిపి కొత్తగా వేయడమే ఇక్కడ సరైన దారి. సెటప్ మదర్‌బోర్డులోని కీని తానే చదివి, సాధారణంగా ఎడిషన్ ఏదని కూడా అడగకుండా తగినదాన్ని వేస్తుంది.

ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు అమ్మే కీల జోలికి మాత్రం పోవద్దు. వాటిలో చాలావరకు ఏదో సంస్థ వాల్యూమ్ లైసెన్స్ నుంచి బయటికొచ్చినవే. ఈరోజు యాక్టివేట్ అయినా, మైక్రోసాఫ్ట్ ఆ కీని నిలిపేసిన రోజున డబ్బూ లైసెన్సూ రెండూ పోతాయి. పాత విండోస్ 7, 8 కీలతో విండోస్ 11 యాక్టివేట్ అయ్యే దారిని కూడా మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబర్‌లో మూసేసింది.

కంప్యూటర్‌కు అర్హత ఉందా

మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ యాప్ ఈ విషయాన్ని ఒక్క నిమిషంలో తేల్చేస్తుంది. స్థూలంగా ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఏఎండీ అయితే రైజెన్ 2000 వరుస నుంచి వచ్చిన ప్రాసెసర్లు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, సెక్యూర్ బూట్‌కు (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యే ఏర్పాటు) వీలున్న యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే ఫర్మ్‌వేర్), టీపీఎం 2.0 (కీలను దాచే భద్రతా భాగం) కావాలి. 4 జీబీ ర్యామ్ కనీస అర్హత మాత్రమే; 8 జీబీ లేకుండా విండోస్ 11 హాయిగా నడవదు.

టీపీఎం లేదని చూపిస్తే వెంటనే నిరాశపడనక్కరలేదు. చాలా బోర్డుల్లో అది ఉండి కూడా బయోస్‌లో (విండోస్ మొదలుకాకముందే తెరిచే బోర్డు సెట్టింగ్స్) ఆపేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో దాన్ని పీటీటీ అనీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనీ పిలుస్తారు. బయోస్‌లో చేయి పెట్టే ముందు మాత్రం డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఉందేమో తప్పకుండా చూడండి. ఉంటే దాన్ని తాత్కాలికంగా ఆపి, 48 అంకెల రికవరీ కీని మైక్రోసాఫ్ట్ ఖాతా నుంచి తీసి కాగితం మీద రాసుకోండి. బయోస్ మార్పు తర్వాత కంప్యూటర్ ఆ కీ అడిగి, అది మీ దగ్గర లేకపోతే డిస్క్‌లోని ఫొటోలు, పత్రాలు ఎవరూ తెరవలేరు. లైసెన్స్ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు గానీ అవి తిరిగిరావు.

అర్హత లేని కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందించే ఈఎస్‌యూ పథకాన్ని ప్రకటించింది. విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 వాడుతూ, సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో సింక్ చేస్తే దీనిలో ఉచితంగా చేరవచ్చు. అర్హత పరీక్షను తప్పించి బలవంతంగా విండోస్ 11 వేసే పద్ధతులు వాడుకలో ఉన్నా, అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదు. భద్రత కోసం మారుతున్నప్పుడు ఆ హామీ లేని దారిని నేను సూచించను.

అప్‌గ్రేడ్ చేసే విధానం

ఒకేసారి రెండు మార్పులు చేయకండి. ర్యామ్ పెంచినా, పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టినా సాధారణంగా లైసెన్స్‌కు ఏమీ కాదు. మదర్‌బోర్డు మార్చే ఆలోచన ఉంటే మాత్రం ముందు పాత బోర్డు మీదే అప్‌గ్రేడ్ పూర్తిచేసి, యాక్టివేషన్ సరిచూసుకుని, ఖాతాతో ముడి ఉందని నిర్ధారించుకున్నాకే ఆ పని పెట్టుకోండి.

ఫైళ్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ తగిలించి ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ బ్యాటరీ నిలుస్తుందో లేదో ముందే చూసుకోండి. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో విండోస్ 11 సిద్ధంగా ఉన్నట్టు కనిపిస్తే అక్కడి నుంచే మొదలుపెట్టడం అన్నిటికన్నా సురక్షితం. అక్కడ కనిపించకపోతే మైక్రోసాఫ్ట్ సైట్‌లోని ఇన్‌స్టాలేషన్ అసిస్టెంట్ వాడండి. మూడో దారి ఐఎస్ఓ ఫైలు (విండోస్ సెటప్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) దించుకుని అందులోని సెటప్‌ను విండోస్ 10లో ఉండగానే నడపడం. ఇందులో ఒక మెలిక ఉంది: ఫైళ్లనూ యాప్‌లనూ ఉంచే ఎంపిక కొన్నిసార్లు వెలిసిపోయి, నొక్కడానికి వీలు లేకుండా ఉంటుంది. ఎడిషన్ గానీ భాష గానీ సరిపోలకపోతే అలా జరుగుతుంది. మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఇంగ్లిష్ అంటే అమెరికన్, ఇంగ్లిష్ ఇంటర్నేషనల్ అంటే బ్రిటిష్. మీ విండోస్ మొదట ఏ ఇంగ్లిష్‌తో వచ్చిందో ఆ ఫైలే దించుకోవాలి. సక్రమంగా యాక్టివేట్ అయి ఉన్న విండోస్ 10 మీద సెటప్ నడిపితే ప్రోడక్ట్ కీ అడగదు. అడిగిందంటే ఎడిషన్‌లో ఏదో తేడా ఉన్నట్టే; ఏదో ఒక కీ కొట్టి ముందుకు పోకుండా అక్కడే ఆపేయండి.

విండోస్ లైసెన్స్ ఒక్కటే చూసుకుంటే చాలదు. పాత యాప్‌లు ఉంచే పద్ధతిలో మారితే మిగిలిన సాఫ్ట్‌వేర్ లైసెన్సులు మామూలుగా అలాగే ఉంటాయి. అన్నీ చెరిపి కొత్తగా వేసేటట్లయితే ట్యాలీ లైసెన్స్‌ను ముందే సరెండర్ చేయాలి. డిజిటల్ సంతకం టోకెన్‌కు డ్రైవర్ మళ్లీ వేయాలి. గౌతమి, వాణి వంటి తెలుగు ఫాంట్లు కొత్తగా వేసిన విండోస్‌లో మొదట ఉండవు. సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్‌ను విడిగా చేర్చుకోవాలి.

మారిన తర్వాత

విండోస్ 11లో యాక్టివేషన్ పేజీ సెట్టింగ్స్‌లోని సిస్టమ్ కింద ఉంటుంది. ఇంటర్నెట్ కలిపి అక్కడ ముందటి ఎడిషనే ఉందా, యాక్టివ్ అని ఉందా చూడండి. లేకపోతే అదే పేజీలోని ట్రబుల్‌షూటర్‌ను నడపండి. కోడ్ 0ఎక్స్803ఎఫ్7001 అని వస్తే ఈ కంప్యూటర్‌కు ఈ ఎడిషన్ లైసెన్స్ దొరకలేదని అర్థం. చాలాసార్లు హోమ్ ఉండవలసిన చోట ప్రో వేసినందువల్లే ఇది వస్తుంది. 0ఎక్స్‌సీ004ఎఫ్211 అంటే హార్డ్‌వేర్ మారినట్టు గుర్తించిందని. అప్పుడు ట్రబుల్‌షూటర్‌లో ఇటీవల హార్డ్‌వేర్ మార్చానన్న ఎంపిక నొక్కి, లైసెన్స్ ముడిపడి ఉన్న ఖాతాతోనే లాగిన్ అయి, జాబితాలో మీ కంప్యూటర్ పేరును ఎంచుకోవాలి. ఓఈఎం లైసెన్స్ ఉన్న ల్యాప్‌టాప్‌కు వారంటీలో బోర్డు మారిస్తే, కొత్త బోర్డులో విండోస్ కీ రాసిందీ లేనిదీ సర్వీస్ సెంటర్‌లో ఉండగానే అడిగి చూపించుకోండి.

కొత్త విండోస్ నచ్చకపోయినా, ప్రింటరో స్కానరో మొరాయించినా, 10 రోజుల్లోగా సెట్టింగ్స్‌లోని రికవరీ పేజీ నుంచి విండోస్ 10కు వెనక్కి వెళ్లవచ్చు; దాని లైసెన్స్ అలాగే ఉంటుంది, మళ్లీ కీ కొట్టే పని లేదు. ఆ వెసులుబాటు విండోస్ ఓల్డ్ అనే ఫోల్డర్ మీద ఆధారపడి ఉంది కాబట్టి, డిస్క్‌లో చోటు తగ్గిందని ఆ గడువులోగా దాన్ని తీసేయకండి.