పల్లెలో మనసు సర్వేకు వెళ్లే ముందు

కళ్యాణదుర్గం వైపు వేరుశనగ రైతుల దిగులు మీద సర్వేకా? ఇవి చూసుకోండి.

- ఎందుకు అడుగుతున్నారో, ఇష్టం లేకుంటే మధ్యలోనే ఆపేయొచ్చని నోటితో చెప్పండి. సంతకం ఒక్కటే చాలదు.

- రచ్చకట్ట మీద పదిమందిలో అడగొద్దు. మనస్తత్వవేత్త సోలమన్ ఆష్ 1951లో చేసిన ప్రయోగంలో, గీత పొడవు కళ్లెదుటే కనిపిస్తున్నా నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా గుంపు చెప్పిన తప్పు జవాబే చెప్పారు. ఇక అప్పుల సంగతి అందరి ముందూ ఎవరు విప్పుతారు?

- "అప్పుతో నిద్ర పట్టట్లేదు కదన్నా?" అనకండి. "నిద్ర ఎట్లా పడుతోందన్నా?" చాలు.

- పేర్లు రాయొద్దు.

- చావు మాట వినిపిస్తే, అన్నిటికన్నా ముఖ్యం ఇదే, కాగితాలు పక్కన పెట్టండి. మనిషిని ఒంటరిగా వదలొద్దు. మానసిక సాయం అందించే ప్రభుత్వ ఫోన్ లైన్ టెలి మానస్ 14416కు మీరే ఫోన్ కలిపివ్వండి.