లైవ్ స్టూడియోలో ఒక్కో కుర్చీ పని నేర్చుకోవడం ఎలా

చెన్నైలో మాస్ కమ్యూనికేషన్ చదువుతూనో, చదువు ముగించి ఏదో ఒక ఛానల్లో ట్రెయినీగా చేరో టెలివిజన్ పని నేర్చుకుంటున్న తెలుగు యువతీయువకుల్లో చాలామంది మొదటి రోజునే పీసీఆర్ (కార్యక్రమాన్ని నడిపే కంట్రోల్ రూమ్)లోని స్విచర్ మీద, అంటే ఏ దృశ్యం ప్రసారంలోకి వెళ్లాలో ఎంచే బల్ల మీద కన్నేస్తారు. బటన్లు వెలుగుతూ ఉండే ఆ బల్ల దగ్గరే కార్యక్రమమంతా నడుస్తున్నట్లు అనిపించడం సహజమే. అయితే ప్రత్యక్ష ప్రసారంలో ఎవరి పనీ వారి కుర్చీలోనే పూర్తికాదు. పక్కవారికి ఏమి, ఎంత ముందుగా అందించాలో తెలిసినవారే తమ పనిని సరిగ్గా చేయగలుగుతారు. అందువల్ల పనులన్నింటినీ నేర్చుకోవాలనీ, యాంకర్, కెమెరాలు ఉండే ఫ్లోర్ మీద మొదలుపెట్టి కంట్రోల్ రూమ్ వైపు రావాలనీ, స్విచర్‌ను చివరి మెట్ల కోసం ఉంచుకోవాలనీ నా గట్టి అభిప్రాయం.

భాష గురించి బెంగ అక్కరలేదు. 1975 ఆగస్టు 15న మద్రాసు దూరదర్శన్ కేంద్రం మొదలైన ఈ నగరంలో ఫ్లోర్ మీద ఎక్కువగా వినిపించేది తమిళమే అయినా, టాక్‌బ్యాక్‌లో, అంటే కంట్రోల్ రూమ్ నుంచి హెడ్‌సెట్లలోకి వచ్చే ఆదేశాలు మాత్రం ‘స్టాండ్‌బై’, ‘క్యూ’, ‘టేక్ టూ’ వంటి పొడి ఇంగ్లీషు మాటలే. లైట్లు సర్దే పెద్దవారిని ‘అణ్ణా’ అని పలకరించి, వారు చెప్పేది అర్థం చేసుకునేపాటి తమిళం వస్తే పని నేర్పేవారు దొరుకుతారు.

మొదట ఫ్లోర్ మేనేజర్ వెంట ఉండండి. డైరెక్టర్ మాటను యాంకర్‌కు చేతి సైగగా అందించడం ఆ వ్యక్తి బాధ్యత. ప్రసారం మొదలయ్యే ముందు ‘ఫైవ్, ఫోర్, త్రీ’ అని పైకి లెక్కపెట్టి, మిగిలిన రెండు అంకెలను వేళ్లతో మాత్రమే చూపుతారు. అప్పటికే మైకు తెరిచి ఉంటుందన్న జాగ్రత్త అది. సైగ చేసేటప్పుడు ఎర్ర టాలీ లైటు (ఆ కెమెరా ప్రసారంలో ఉందని చెప్పే దీపం) వెలగబోయే కెమెరా లెన్సుకు ఆనుకుని నిలబడాలి. అడుగు దూరం పక్కకు జరిగినా యాంకర్ చూపు పక్కకు పోతుంది, ఆ తేడా ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడికి వెంటనే తెలిసిపోతుంది. ఇక్కడ కొన్నాళ్లు పనిచేస్తే చెవిలో ఒక మాట వింటూ, కళ్లతో మరొకటి గమనిస్తూ, నోరు మెదపకుండా ఉండడం అలవడుతుంది. తక్కిన కుర్చీలన్నింటికీ పునాది ఈ అలవాటే.

యాంకర్ చదివే స్క్రిప్టును కెమెరా ముందు నడిపే టెలిప్రాంప్టర్‌ను చిన్న పనిగా చూడడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. చదివేవారి వేగాన్ని అక్షరాలు అనుసరించాలి తప్ప అక్షరాల వెంట యాంకర్ పరుగెత్తకూడదు. యాంకర్ ఆగితే మీ వేలూ ఆగాలి. తెలుగు బులెటిన్ అయితే మరో బాధ్యత ఉంది. స్క్రిప్టులో ‘రూ. 2,35,000’ అని ఉంటే దానిని ‘రెండు లక్షల ముప్ఫై ఐదు వేల రూపాయలు’ అని అక్షరాల్లో మార్చి పెట్టాలి. సంక్లిష్ట లిపులను సరిగ్గా చూపలేని సాఫ్ట్‌వేర్‌లో వత్తులు విడిపోయి కనిపిస్తాయి కాబట్టి, బులెటిన్‌కు ముందే స్క్రిప్టంతా ఒకసారి తెర మీద నడిపి చూసుకోవాలి. తెర మీద అక్షరాలు వేసే సీజీ కుర్చీకి మారినప్పుడు ఇదే జాగ్రత్త ఆస్టన్ బ్యాండ్‌కూ (తెర అడుగున పేరు, హోదా చూపే పట్టీ), స్క్రోల్‌కూ వర్తిస్తుంది. అతిథి పేరును, హోదాను రన్‌డౌన్‌లో (కార్యక్రమంలోని అంశాల వరుస పట్టిక) చూసి కొట్టేయకుండా, ఆ అతిథినే అడిగి సరిచూసుకోవడం ఉత్తమం.

కెమెరా దగ్గర నేర్చుకోవలసినది చాలావరకు సాధనతోనే వస్తుంది. ముఖం మీదికి పూర్తిగా జూమ్ చేసి, కళ్ల మీద ఫోకస్ పట్టి, తర్వాత వెనక్కి వచ్చి ఫ్రేమ్ కట్టుకోండి. టాలీ వెలుగుతున్నంతసేపు అనవసరంగా కదలకండి, ఆరిన మరుక్షణం తర్వాతి షాట్ సిద్ధం చేయండి. లైటింగ్, సీసీయూ (కెమెరాల రంగు, వెలుతురు సరిచేసే యూనిట్) పనులను ఈ దశలో పరిచయం చేసుకుంటే చాలు: లైట్లు 3200 కెల్విన్‌వో (పసుపు ఛాయ) 5600 కెల్విన్‌వో (పగటి వెలుగు ఛాయ) తెలుసుకుని, అన్ని కెమెరాలకూ వైట్ బ్యాలెన్స్ ఒకేలా కుదిరిందో లేదో చూడడం వస్తే సరిపోతుంది.

శబ్దానికి మాత్రం ఎక్కువ కాలం కేటాయించండి. బొమ్మ కాసేపు చెడితే ప్రేక్షకుడు సహిస్తాడు కానీ మాట వినిపించకపోతే ఛానల్ మార్చేస్తాడు. దుస్తులకు తగిలించే లేపెల్ మైకును గడ్డానికి సుమారు జానెడు కింద పెట్టి, పట్టుచీర అంచో మెడలోని హారమో దానికి రాసుకోకుండా చూడాలి; యాంకర్‌ను తల అటూ ఇటూ తిప్పి మాట్లాడమని చెప్పి, హెడ్‌ఫోన్‌లో విన్న తర్వాతే ఫ్లోర్ వదలాలి. ఇక ‘ఫోనో’ (ఫోన్‌లో సంభాషణ), లైవ్ చాట్ (బయట ఉన్న రిపోర్టర్‌తో ప్రత్యక్ష సంభాషణ) ఉన్నప్పుడు మిక్స్ మైనస్ అనే పద్ధతి తెలిసి ఉండాలి. అవతలి వ్యక్తికి పంపే శబ్దంలో కార్యక్రమం మొత్తం ఉండాలి, ఆయన గొంతు ఒక్కటి మాత్రం ఉండకూడదు. ఉంటే ఆయన మాట ఆయనకే ఆలస్యంగా తిరిగి వినిపించి, వాక్యం మధ్యలో తడబడతారు. లైవ్ చాట్ ఉపగ్రహం ద్వారా నడిస్తే, ఆ ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి మాట పైకి వెళ్లి కిందికి రావడానికే పావు సెకను పడుతుంది. ప్రశ్న వెళ్లి, జవాబు తిరిగి వచ్చేసరికి కనీసం అర సెకను గడిచిపోతుంది. రిపోర్టర్ తెర మీద ఒక క్షణం ఊరికే చూస్తూ ఉండడానికి కారణం ఇదేనని తెలిస్తే, ప్రశ్న అడిగాక ఆగమని యాంకర్‌కు ముందే చెప్పగలుగుతారు.

ఇప్పుడు స్విచర్ దగ్గర కూర్చోవచ్చు. ఒక వరుస బటన్లు ప్రోగ్రామ్ (ఇప్పుడు ప్రసారమవుతున్నది), మరో వరుస ప్రివ్యూ (తర్వాత రావలసినది). తర్వాత రావలసినదాన్ని ప్రివ్యూలో చూసుకోకుండా కట్ నొక్కకూడదన్న నియమం వేళ్లలోకి ఇంకిపోవాలి. మన ప్రసారంలో సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి, విజువల్ (ముందే సిద్ధం చేసిన దృశ్యం) ముగిసినా అర సెకను ఆలస్యం చేస్తే డజను ఫ్రేముల నల్లతెర కనిపిస్తుంది. స్టూడియోలో అవకాశం రాకపోతే, ఉచితంగా దొరికే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో స్టూడియో మోడ్ తెరిచి రెండు ఫోన్లను కెమెరాలుగా కలుపుకుని సాధన చేయవచ్చు. చెన్నైలో తెలుగు సంస్థలు ఉగాదికి జరిపే కవి సమ్మేళనాలను మిత్రులతో కలిసి నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేసి, ఒక్కో కవి తర్వాత కుర్చీలు మార్చుకుంటే అంతకన్నా మంచి పాఠం ఉండదు.

డైరెక్షన్‌కు లెక్క కావాలి, అదీ వెనక నుంచి. బులెటిన్ 8:29:30కి ముగియాలి, చివరి హెడ్‌లైన్లకు 40 సెకన్లు, వాతావరణానికి 1 నిమిషం 20 సెకన్లు కావాలి అనుకుందాం. అప్పుడు హెడ్‌లైన్లు 8:28:50కీ, వాతావరణం 8:27:30కీ మొదలుకావాలి. గడియారం 8:27:50 చూపుతున్నా క్రీడావార్తలు సాగుతూనే ఉంటే 20 సెకన్లు ఎక్కడ తగ్గించాలో అప్పుడే తేల్చి చెప్పాలి. ఇంట్లో బులెటిన్ చూస్తూ ఈ లెక్క కట్టండి, వచ్చే షాట్‌ను అది తెర మీదికి రాకముందే పైకి చెప్పండి.

ఆ కుర్చీలో కూర్చునే ముందు ఒక సందర్భాన్ని బృందంతో కలిసి రిహార్సల్ చేయడం తప్పనిసరి: యాంకర్ వార్త పరిచయం చేశారు, విజువల్ రాలేదు. డైరెక్టర్ ‘యాంకర్ మీదికి వస్తున్నాం’ అంటారు, స్విచింగ్ చేసేవారు కట్ చేస్తారు, సౌండ్‌లో మైకు తెరుస్తారు, ప్రాంప్టర్‌లో తర్వాతి వార్త పైకి వస్తుంది, సీజీలో పాత బ్యాండ్ దిగిపోతుంది, ఫ్లోర్ మేనేజర్ చేయి ఊపుతారు. ఇవన్నీ ఒక్క సెకనులో జరగాలి. కుర్చీలు మార్చుకుంటూ, ప్రతి ఒక్కరూ ప్రతి స్థానంలోనూ కూర్చునేదాకా దీనినే మళ్లీ మళ్లీ నడపండి.